ఎడమవైపు వెనక చక్రం

"టైరు పేలేటప్పటికి నువ్వు మెలకువగానే ఉన్నావా, యెహెజ్కేలూ?"

అడగక తప్పని ప్రశ్న అదొక్కటే కాబట్టి గోపాలకృష్ణమూర్తి ముందుగా దాన్నే అడిగేశాడు. మంచం మీది మనిషి తల అతనివైపు తిప్పాడు. కుడికాలికి తొడదాకా పిండికట్టు, నుదుటిమీద కుట్లు. రాజమండ్రి ఆసుపత్రి వార్డులో తెల్లారి ఎక్కువసేపు కాకపోయినా అప్పటికే ఉక్కపోస్తోంది. నర్సు ఎవరో వెళ్తూ వెళ్తూ స్టాండు ఫ్యాను మొహం అతనివైపు తిప్పి వెళ్ళింది. ఎవరూ అడగకుండానే చేసింది. మూర్తి అది గమనించాడు. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా పదవీ విరమణ చేసి, భార్య పోయాక ఇంట్లో ఊరికే కూర్చోలేక ఈ ప్రైవేటు డిటెక్టివ్ పనిలో పడ్డవాడు. గమనించేవాటిలో సగం కేసుకు పనికిరానివే అని తనకూ తెలుసు.

"మెలకువగానే ఉన్నానండి," అన్నాడు యెహెజ్కేలు. "పేలాకే బండి నా మాట వినలేదండి."

"స్పీడెంత?"

"డెబ్బై దాటలేదండి. లోడుంటే నేను దాటనండి. కావాలంటే ఆ జీపీఎస్సో ఏదో ఉంటాది కదండీ, అందులో చూసుకోండి."

"చూశాను. డెబ్బై లోపే."

యెహెజ్కేలు కళ్ళు మూసుకున్నాడు. తను చెప్పింది ఒకరు సరిచూసి నిజమే అన్నారన్న చిన్న ఊరట అతని మొహంలో ఒక క్షణం నిలిచి మాయమైంది.

జరిగింది ఇంతే. నాలుగు రోజుల క్రితం భీమవరం నుంచి రొయ్యల లోడుతో విశాఖపట్నం బయల్దేరిన పెద్ద పికప్పు, తెల్లవారుజామున రావులపాలెం దాటాక హైవే మీద ఎడమవైపు వెనక టైరు పేలి, కల్వర్టు గోడను గుద్దింది. పక్కసీట్లో నిద్రపోతున్న శివరామకృష్ణ అక్కడికక్కడే పోయాడు. బండి యజమానురాలు నాగరత్నానికి అతను ఒక్కగానొక్క తమ్ముడు. మూర్తిని పిలిపించింది ఆవిడే. "పదకొండేళ్ళుగా యెహెజ్కేలు చేతిలో బండి పెట్టి నిశ్చింతగా నిద్రపోయానండీ. నా తమ్ముడి చావుకు వాడే కారణమా కాదా, అదొక్కటి తేల్చి చెప్పండి. వాడిని తిట్టాలో, వాడింటికి బియ్యం పంపించాలో తెలియకుండా ఉన్నాను," అంది ఏడవకుండా.

తేల్చడానికి మిగిలిన గడువు రేపు ఉదయం వరకే. డ్రైవరు నిద్రపోయాడనీ, గాలి చూసుకోకుండా బయల్దేరాడనీ ఇన్సూరెన్సు కంపెనీ తరఫు పరిశోధకుడు రిపోర్టు రాసేశాడు. రేపు డిశ్చార్జి కాగానే పోలీసులు యెహెజ్కేలును ఆసుపత్రి గుమ్మంలోంచే తీసుకుపోతారు.

"ప్రమాదానికి వారం ముందే టైర్లు మార్చారన్నారు. ఎవరు ఎంచారు?"

ఈ ప్రశ్నకు యెహెజ్కేలు మొహం కాస్త విచ్చుకుంది. "శివరామకృష్ణ గారేనండి. రావులపాలెంలో వీరబ్రహ్మం గారి షాపులో. రెండు పికప్పులకీ ఒకేసారి వేయించారండి. బండ్లు చూసుకునే శ్యాంబాబు గారేమో గుబ్బల టైర్లే వేద్దాం, చెరువు గట్టు మీద జారకుండా ఉంటాయన్నారండి. శివరామకృష్ణ గారు ఆయనకి జవాబు చెప్పకుండా నావైపు తిరిగి, 'నెలలో నువ్వు గట్టు మీద ఎంత తిరుగుతావు, హైవే మీద ఎంత తిరుగుతావు?' అనడిగారండి. ఇన్నేళ్ళలో టైరు కొనేటప్పుడు నన్నెవరూ ఏదీ అడగలేదండి."

"ఏం చెప్పావు?"

"పదింట తొమ్మిదొంతులు హైవేనేనండీ అన్నాను. గట్టు దాకా ఎలాగూ ట్రాక్టరు తెచ్చి పడేస్తాది. గుబ్బల టైరు తారు మీద గోల చేస్తాది, వేడెక్కుతాది, తొందరగా అరుగుతాది, వానలో బ్రేకు వేస్తే నిలబడదండి అని చెప్పాను. అయితే నిలువు చారల టైరే వేద్దాం, బరువు మోసే లోడు నంబరు మాత్రం ఒక మెట్టు ఎక్కువది తీసుకుందాం అన్నారండి." అతను కట్టు వేసిన కాలివైపు చూశాడు. "నా మాట విని కొన్న టైరే పేలిందండి. అదే తిరుగుతోందండి బుర్రలో."

అతని భార్య సంపూర్ణమ్మ గ్లాసులో జావ పోసి తెచ్చింది. మొగుడికి ఇవ్వబోయి, ఆగి, ముందు మూర్తి వైపు చాపింది. "మీరు పొద్దున్నే బయల్దేరి వచ్చుంటారండి. తాగండి, ఇంకా ఉందండి."

మూర్తి వద్దనలేదు. వద్దంటే ఆమె చిన్నబుచ్చుకుంటుంది. పైగా నిజంగానే ఏమీ తినలేదు.

"కొత్త టైర్లకు పూజ చేయించారా?"

"చేయించకుండా అమ్మగారు బండి కదలనిస్తారాండీ. పెనుగొండ గుళ్ళో పంతులు గారు అన్ని చక్రాలకీ పసుపూ కుంకుమా పెట్టారండి. ఆదివారం మా పాస్టరు గారు బానెట్టు మీద చెయ్యేసి ప్రార్థన చేశారండి. రెండు వైపులా కాపలా ఉందనుకున్నానండి."

"బయల్దేరేటప్పుడు గాలి చూశావా?"

"నాలుగూ చూశానండి. ఆ ఎడమ వెనకదానికి నట్లు తుప్పెక్కి ఎప్పుడూ బిగుసుకుపోతుంటాయని దాన్ని రెండుసార్లు చూస్తానండి. అలవాటు."

"ఆ రోజు మామూలుగా కాకుండా కొత్తగా ఏమైనా ఉందా? చిన్నదైనా సరే."

యెహెజ్కేలు ఆలోచించాడు. "శివరామకృష్ణ గారు ఎప్పుడూ లోడుతో రారండి. ఆ రోజు వస్తానన్నారు. చిన్న ఐసు పెట్టె ఒకటి కాళ్ళ మధ్య పెట్టుకు కూర్చున్నారండి. వెనక పెడతానంటే ఒప్పుకోలేదు. ఏంటండీ అందులో అంటే, 'మన రొయ్యలే, విశాఖ లాబులో చూపించాలి' అన్నారు. ఈ సంగతి పోలీసులు రాసుకోలేదండి. నిన్న బత్తాయిలు పట్టుకుని శ్యాంబాబు గారు చూడ్డానికొచ్చారు. ఆయన మాత్రం శ్రద్ధగా విన్నారండి."

శ్యాంబాబు నాగరత్నం ఆడపడుచు కొడుకు. ఐసు ఫ్యాక్టరీ, పికప్పులు, కూలీలు అన్నీ అతనే చూసుకుంటాడు. ప్రమాదం రోజున క్రేను వెంట యార్డుకు వెళ్ళి, నుజ్జయిన బండి పక్కనే కాపలా కాశాడనీ, మేనమామ ఇంటివాళ్ళ మీద అంత ప్రేమ ఎవరికుంటుందనీ భీమవరంలో అందరూ చెప్పుకుంటున్నారు.

మూర్తి జావ గ్లాసు కిందపెట్టి లేచాడు. మోకాళ్ళు రెండూ తమ బాధ తాము చెప్పుకున్నాయి.

"అయ్యగారండీ," అంది సంపూర్ణమ్మ వెంట వస్తూ, "ఈయన నిద్రపోలేదండి. అంతకంటే నాకు చెప్పడం రాదండి."

"నాకు వినడం వచ్చులే అమ్మా," అన్నాడు మూర్తి.

*

క్రేను యజమాని యార్డు రావులపాలెంలో హైవేకి ఆనుకునే ఉంది. రేకుల షెడ్డు కింద పికప్పు ఎడమవైపు ముందుభాగం కాగితం ఉండలా నొక్కుకుపోయి నిలబడింది. దాని పక్కన తెల్లచొక్కా నలగకుండా, చేతిలో టాబ్లెట్టుతో ఉన్న కుర్రాణ్ణి చూడగానే మూర్తికి ఇంకాస్త అలసటగా అనిపించింది.

"రండి మూర్తి గారూ," అన్నాడు జయంత్. ఇన్సూరెన్సు కంపెనీవాళ్ళు విజయవాడ నుంచి పంపిన పరిశోధకుడు ఇతనే. "మీరింకా రిటైరవలేదా?"

"ఒకసారి అయ్యానండీ. రెండోసారి అవడానికి ఎవరూ ఆర్డరు ఇవ్వడం లేదు."

"ఈ కేసులో మీకు పెద్ద పనుండదు. నా రిపోర్టు వెళ్ళిపోయింది."

"ఏం రాశారు?"

"కొత్త టైరు. సరైన సైజు, బండికి కావలసినదానికంటే ఎక్కువ లోడు నంబరు. అలాంటిది పేలిందంటే గాలి తక్కువై ఉండాలి. గాలి తక్కువైతే బండి ముందే ఒకపక్కకి లాగుతుంది. మెలకువగా ఉన్నవాడికి అది తెలుస్తుంది. వీడికి తెలియలేదు. అంటే నిద్ర. ఇందులో ఎక్కడ తప్పుందో చెప్పండి."

"తప్పేం లేదు. మీరు చెప్పే టైరు ఇదే అయితే."

జయంత్ నవ్వాడు. "పాతకాలం డిటెక్టివులు ఇలాగే మాట్లాడతారట. రోజంతా మాట్లాడండి సార్, నేను రెండింటికల్లా బయల్దేరాలి."

మూర్తి జవాబివ్వకుండా బండి చుట్టూ నడిచాడు. యార్డు వాచ్‌మన్ చిట్టియ్య ఒక గోనెసంచి తెచ్చి నేలమీద పరిచాడు. "గచ్చు కాలిపోతందండి, దీనిమీద కూకోండి." మూర్తి అతనికి దండం పెట్టినంత పని చేసి, మెల్లగా దానిమీద మోకరిల్లాడు.

ముందు కుడి చక్రం. రిమ్ముమీద పసుపు రాసిన చోట వెలిసిన మరక, దానిమీద గోధుమరంగుకు తిరిగిన మూడు కుంకుమ బొట్లు. వెనక కుడి చక్రం. అదీ అంతే, దుమ్ము కప్పేసి, దగ్గరగా చూస్తేగాని కనబడనంతగా. వారం రోజులు రోడ్డు మీద తిరిగిన బొట్లు ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి.

అతను సంచిని లాక్కుంటూ ఎడమవైపు వెనక చక్రం దగ్గరికి వచ్చాడు. టైరు చీలికలు పేలికలై రిమ్ముకు వేలాడుతోంది. రిమ్ము మీద మాత్రం పసుపు చక్కగా, పచ్చగా ఉంది. దానిమీద మూడు బొట్లు, పొద్దున గుమ్మానికి పెట్టినట్టు ఎర్రగా ఉన్నాయి.

మూర్తి వాటికి వేలు తగలకుండా దగ్గరగా వంగి చూశాడు. తరవాత తలెత్తి పైకి చూశాడు. రొయ్యల పెట్టెల్లో కరిగిన ఐసు నీళ్ళు బయటికి పోవడానికి బండి తొట్టికి అడుగున ఒక ప్లాస్టిక్ గొట్టం ఉంది. దాని కొస సరిగ్గా ఈ చక్రం మీదికే వంగి ఉంది. చుట్టూ ఛాసీ అంతా ఉప్పు పేరుకుని తెల్లగా, కిందంతా తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది. ఈ రిమ్ము మీద ఒక్క ఉప్పు మరక లేదు.

"జయంత్ గారూ, మీ టాబ్లెట్టుతో ఈ చక్రానికి రెండు ఫోటోలు తీయండి. దగ్గరగా."

"నా దగ్గర వందున్నాయి."

"ఇప్పుడు తీసినవి కావాలి. ఇంకాసేపట్లో ఇది ఇలా ఉండదు."

జయంత్ విసుక్కుంటూనే తీశాడు. మూర్తి చిట్టియ్యను మగ్గుతో నీళ్ళు అడిగి, తొట్టి లోపలి కన్నం దగ్గర పోయించాడు. గొట్టంలోంచి నీళ్ళు సన్నని ధారగా జారి తిన్నగా రిమ్ము మీద పడ్డాయి. మొదటి బొట్టు కరిగింది. ఎర్రని చార ఒకటి పసుపు మీదుగా కిందికి పాకి గోనెసంచి అంచును తాకింది.

"చాలు, ఆపు," అన్నాడు మూర్తి. "అర మగ్గు కూడా కాలేదు. ఆ బండి ఉప్పునీళ్ళు కార్చుకుంటూ వారంపాటు విశాఖకి తిరిగింది. చివరి ట్రిప్పులో భీమవరం నుంచి ఇక్కడికి గంటన్నర వచ్చింది. నీళ్ళు పడని చక్రాల మీద బొట్టు వెలిసిపోయింది. నీళ్ళు పడే చక్రం మీద నవనవలాడుతోంది."

జయంత్ మొహంలో నవ్వు తగ్గింది గాని గొంతు తగ్గలేదు. "అయితే ఏమంటారు? ఎవరో భక్తికొద్దీ మళ్ళీ పెట్టి ఉంటారు. మీ డ్రైవరే పెట్టుండొచ్చు."

"ఆసుపత్రి మంచం మీంచి చెయ్యి చాపా?"

"ప్రమాదానికి ముందు పెట్టాడనుకోండి."

"ముందు పెడితే ఆ గంటన్నరలోనే పోయేది. ఇది గుద్దుకున్న తరవాత, బండి కదలడం మానేశాక పెట్టిన బొట్టు. చచ్చిన బండి చక్రానికి పసుపూ కుంకుమా ఎవరు పెడతారండీ? పెట్టింది పూజ కోసం కాదు. మిగతావాటికి ఉన్నాయి కాబట్టి దీనికీ ఉండాలని పెట్టారు. అంటే ఈ చక్రం ఆ చక్రం కాదు."

అతను వంగి నట్ల మీద వేలు పెట్టాడు. తుప్పు పట్టిన నట్ల మూలలు పానా పట్టుకున్నచోట చెక్కుకుపోయి కొత్తగా మెరుస్తున్నాయి. చిరిగిన టైరును ఎత్తి లోపలికి చెయ్యి పెట్టి, పట్టినదాన్ని అరచేతిలో వేసుకుని జయంత్‌కు చూపించాడు. ఎండిన నల్లమట్టి పెళ్ళలు.

"ఇది చెరువు గట్టు మట్టి. బండి గుద్దింది తారురోడ్డు పక్క సిమెంటు గోడని. టైరు పేలింది అక్కడే అయితే లోపలికి ఇదెలా వచ్చింది? గాలి తీసేసి, గట్టు మీద వేరే బండికి తగిలించి నడిపితే టైరు ఇలాగే చిరుగుతుంది. చింపి తెచ్చి తగిలించారు."

జయంత్ ఒక పెళ్ళను వేళ్ళతో నలిపి చూశాడు. టాబ్లెట్టులో వేలితో వెనక్కి జరుపుకుంటూ వెళ్ళి ఒక ఫోటో దగ్గర నిలిచాడు. ప్రమాదస్థలంలో హైవే గస్తీ పోలీసులు తీసినది. దాన్ని సాగదీసి పెద్దది చేశాడు. నీడలో నల్లగా చిరిగిన టైరు, దాని మధ్య ఉప్పుతో తెల్లబారిన రిమ్ము. ఎరుపు లేదు, పసుపూ లేదు.

ఆ ఫోటో నాలుగు రోజులుగా జయంత్ దగ్గరే ఉంది. మూర్తి చేతికంటిన మట్టి దులుపుకున్నాడు. ఆ సంగతి ఎత్తకపోవడమే ఆ సమయంలో అతను చేయగల మర్యాద.

"నేను టైరునే చూశాను సార్," అన్నాడు జయంత్ మెల్లగా. "రిమ్ము చూడలేదు."

"వెనక నిలబడ్డదెవరు? టార్చి పట్టుకుని."

"శ్యాంబాబు గారు. అందరికంటే ముందు వచ్చిందాయనే, పాపం."

"ఫోటో ఎన్నింటికి తీశారు?"

జయంత్ మూల మీది అంకెలు చదివాడు. "నాలుగూ నలభై ఎనిమిది."

"ప్రమాదం?"

"జీపీఎస్ ఆగింది నాలుగూ ఇరవైకి." అతను మళ్ళీ ఆ అంకెల వైపు చూశాడు. "భీమవరం నుంచి..."

"ఎంత తొందరగా వచ్చినా గంట పైమాటే. ఫోను అందుకున్నాక లేచి, చొక్కా వేసుకుని బయల్దేరినవాడు అరగంటలో ఇక్కడ ఎలా ఉంటాడండీ? వెనకాలే వచ్చి ఉండాలి. టైరు ఎక్కడ పేలుతుందో తెలియదు, పేలుతుందని మాత్రం తెలుసు."

జయంత్ టాబ్లెట్టు మూసి కారు తాళాలు తీశాడు. "వీరబ్రహ్మం షాపు ఇక్కడికి దగ్గరే కదా."

*

వీరబ్రహ్మం టైర్ల గుట్ట పక్కన కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. జయంత్ కంపెనీ కార్డు చూపించగానే లేచి నిలబడ్డాడు.

"నేను అమ్ముకునేవాణ్ణండీ. నా టైరులో లోపం లేదండి. మీరే రాశారంట కదా."

"లోపం లేదని మేమూ అంటున్నాం, కూర్చోండి," అన్నాడు మూర్తి. "నాగరత్నం గారి పికప్పులకు టైర్లు ఎంచినరోజు ఎవరెవరు వచ్చారు?"

"చనిపోయినాయన, శ్యాంబాబు గారు, డ్రైవరూనండి. గంటసేపు తగువాడుకున్నారు. శ్యాంబాబు గారేమో గుబ్బలవే కావాలంటారు. చనిపోయినాయన ఒకటే మాటండి, 'ఎక్కువ తిరిగేది ఎక్కడో దానికి తగ్గట్టు కొనాలి, అప్పుడప్పుడు తిరిగేదానికి కాదు' అని. నేనూ అదే చెప్పానండి. హైవే బండికి చారల టైరే ఉండాలి, ఒక ఇరుసు మీద రెండు రకాలు కలపకూడదు, స్టెప్నీ కూడా అదే రకం పెట్టుకుంటే మంచిదీ అని. స్టెప్నీకి మాత్రం పాతవాటిలో మంచిది ఉంచేయమన్నారు. శ్యాంబాబు గారు ఆ రోజు మొహం మాడ్చుకుని వెళ్ళారండి. తరవాత మనసు మార్చుకున్నారులెండి."

"మార్చుకున్నారని మీకెలా తెలుసు?"

"అదే రకం టైరు ఇంకొకటి పట్టుకెళ్ళారు కదండీ."

జయంత్ కదలబోతుంటే మూర్తి అతని మోచేతి మీద చెయ్యి వేశాడు.

"స్టెప్నీకా?"

"స్టెప్నీకేనన్నారండి. ఖాళీ రిమ్ము కూడా తెచ్చుకున్నారు. వేసి, గాలి కొట్టి ఇచ్చాను. వెంటనే ఆ గాలి తీసేయమన్నారండి. ఏంటండీ, స్టెప్నీలో గాలి లేకపోతే ఎందుకు పనికొస్తాదీ అన్నాను. ఇంటి దగ్గర మళ్ళీ కొట్టించుకుంటాలే అన్నారు. ఎవరి సరదా వాళ్ళది అనుకున్నాను."

"ఇది ప్రమాదం జరిగాక ఎన్నాళ్ళకి?" అన్నాడు జయంత్.

వీరబ్రహ్మం అతనివైపు వింతగా చూశాడు. "జరిగాక ఏంటండీ? ముందురోజు సాయంత్రం. మర్నాడు పొద్దున్నే కదా ఆ కబురు తెలిసింది. నిన్న సాయంత్రమే టైరు కొన్నాయన ఇంట్లో ఇలా అయిందేంటా అని మా ఆవిడతో అన్నాను కూడాను."

షాపు ముందునుంచి లారీ ఒకటి వెళ్ళింది. జయంత్ టాబ్లెట్టు తెరిచి ఆ తేదీ రాసుకున్నాడు.

ప్రమాదం జరగకముందే, ప్రమాదం తరవాత బండికి ఉండవలసిన చక్రం సిద్ధమైంది. అసలు చక్రం ఏ చెరువులోనో మునిగి ఉంటుంది. దాని లోపలివైపు ఏం కోసి ఉందో ఎవరూ చూడకూడదు. శివరామకృష్ణ కాళ్ళ మధ్య పెట్టుకున్న ఐసు పెట్టె కూడా అక్కడే ఉంటుంది. నాగరత్నం పేరు మీద వెళ్ళే లోడులో ఎవరి చెరువుల రొయ్యలు, ఏ నిషేధించిన మందులు వాడినవి శ్యాంబాబు కలుపుతున్నాడో చూపించడానికి అతను లాబుకు బయల్దేరాడు. ఇదంతా ఇంకా ఊహే. కాని ఆ పెట్టె ఒకటి ఉండేదని చెప్పగల మనిషి లోకంలో ఒక్కడే మిగిలాడు. ఆ సంగతి ఆ మనిషి నిన్న శ్యాంబాబుకు తన నోటితోనే చెప్పుకున్నాడు.

మూర్తి ఫోను తీశాడు. పొద్దున ఆసుపత్రిలో తీసుకున్న నంబరు మొదటిసారి కలవలేదు. రెండోసారి సంపూర్ణమ్మ ఎత్తింది. గాలి హోరు, ఇంజను చప్పుడు.

"అయ్యగారండీ, నేనే చేద్దామనుకుంటున్నానండి," అంది ఆమె. ఆ గొంతులో పొద్దున లేని తేలికదనం ఉంది. "ఈయన్ని పంపించేశారండి. శ్యాంబాబు గారు పెద్దడాక్టరు గారితో మాట్లాడారండి. రేపెలాగూ పోలీసులు తీసుకుపోతారు, ఒక్క రాత్రైనా ఇంట్లో పిల్లల మధ్య పడుకోనివ్వండి అని బతిమాలారండి. మాకోసం ఎవరు అడుగుతారండీ అలాగ."

మూర్తి జయంత్‌కు కారు తీయమని సైగ చేశాడు. "ఏ బండిలో ఉన్నారమ్మా?"

"అమ్మగారి రెండో పికప్పండి. వెనక తొట్టిలో పరుపేశారు. ఈయన పడుకున్నారు, నేను పక్కన కూర్చున్నానండి. శ్యాంబాబు గారే తోలుతున్నారండి."

"ఎక్కడిదాకా వచ్చారు?"

"పెనుగొండ దాటేశామండి. ఇందాకే మెయిన్‌రోడ్డు దిగి చెరువుల గట్టెక్కామండి. దగ్గర దారంట."

జయంత్ అప్పటికే కారు స్టార్టు చేసి, రెండో ఫోనులో పెనుగొండ పోలీసుస్టేషను నంబరు అడుగుతున్నాడు. మూర్తి కారెక్కుతూ గొంతు మామూలుగా ఉంచుకోవడానికి ప్రయత్నించాడు. జీవితంలో భయపడ్డ మనుషులతో చాలాసార్లు మాట్లాడాడు. భయపడటం తెలియని మనిషిని భయపెట్టకుండా హెచ్చరించడం అంతకంటే కష్టమని ఇప్పుడే తెలిసింది.

"సంపూర్ణమ్మా, నేను చెప్పేది విను. కంగారుపడకు, ఈ ఫోను కట్ చెయ్యకు. యెహెజ్కేలుకి కాలు నొప్పి ఎక్కువైందని అద్దం మీద కొట్టి చెప్పు. మనుషులున్న చోట ఆపమను. ఇళ్ళున్న చోట, టీకొట్టు ఉన్న చోట. అక్కడ దిగి, మళ్ళీ ఆ బండి ఎక్కొద్దు. అర్థమైందా?"

ఆమె బుద్ధిమంతురాలు. ఎందుకని అడగలేదు.

"ఇక్కడ ఇళ్ళేం లేవండి," అంది చాలా మెల్లగా. "రెండు వైపులా నీళ్ళేనండి."

"అయితే ఇళ్ళు కనబడేదాకా మాట్లాడుతూ ఉండు. నాతో కాదు, శ్యాంబాబుతో. పిల్లల సంగతి చెప్పు, దేవుడి సంగతి చెప్పు, ఏదైనా."

"ఆయ్. అలాగేనండి."

కారు పెనుగొండ దారిలోని సిద్ధాంతం ఊరివైపు హైవే ఎక్కింది. ఫోనులో పికప్పు ఇంజను ఒక్కసారి బరువుగా మూలిగి, నెమ్మదించి, ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో తలుపు తెరుచుకున్న చప్పుడు మూర్తికి స్పష్టంగా వినిపించింది.

"నేనింకా ఏం అడగలేదండి," అంది సంపూర్ణమ్మ. "ఆయనే ఆపేశారండి."